పదిహేనేళ్ల చేతికి దబ్బనం ఇవ్వండి

ప్రశ్న: నేను సికింద్రాబాద్ వైపు ఒక శాఖా గ్రంథాలయంలో గ్రంథపాలకురాలిని. పోయిన వేసవిలో పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లల కోసం వారం రోజుల చేతిపనుల శిబిరం పెట్టాను. కాగితం పూలు, గ్రీటింగ్ కార్డులు, ఐస్‌క్రీం పుల్లలతో ఇల్లు చేయడం నేర్పించాం. మొదటి రోజు 22 మంది వచ్చారు. నాలుగో రోజుకు ఆరుగురు మిగిలారు. వాళ్లలోనూ నలుగురు అక్కల వెంట వచ్చిన ఐదో తరగతి లోపు పిల్లలు. మగపిల్లలు రెండో రోజు నుంచే రాలేదు. పక్క హాలులో ఉద్యోగ పరీక్షలకు చదువుకునేవాళ్లు గోల ఎక్కువైందని ఫిర్యాదు చేశారు. సామాను ఖర్చు చాలావరకు నా చేతి డబ్బే. మళ్లీ పెట్టాలని ఉంది కానీ ధైర్యం చాలడం లేదు. ఏం నేర్పాలి? సర్టిఫికెట్ ఇస్తామంటే వస్తారా? అసలు ఈ వయసు పిల్లలకు చేతిపనుల మీద ఆసక్తి ఉంటుందా?
(పేరు వద్దన్న పాఠకురాలు)

సమాధానం:

అమ్మా,

చివరి ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. ఉంటుంది, చాలా ఉంటుంది. మన నగరంలోనే ఒక చిన్న గ్రంథాలయంలో తొమ్మిదేళ్లపాటు శనివారం సాయంత్రాలు ఈ వయసు పిల్లలతో ఒకే బల్ల చుట్టూ కూర్చున్న మనిషిగా చెబుతున్నాను. మీ శిబిరం మానేసినవాళ్లు పనికి బద్ధకించి మానలేదు. ఐస్‌క్రీం పుల్లల ఇల్లు ఎవరికీ అక్కరలేదని వాళ్లకు తెలుసు. అది నాలుగు రోజులు టీవీ పక్కన ఉండి ఐదో రోజు చెత్తబుట్టలోకి పోతుందనీ తెలుసు. ఐదో తరగతి పిల్లవాడికి ఆ చింత లేదు, అంటించడమే వాడికి ఆనందం. అందుకే మీ దగ్గర చివరికి చిన్నవాళ్లు మిగిలారు. పదిహేనేళ్ల పిల్లల సంగతి వేరు. ఇంట్లో సైకిలు చైను ఊడితే వేసేది వాళ్లే, తాతయ్య ఫోను మొరాయిస్తే సరిచేసేది వాళ్లే. అటువంటి చేతులకు పెద్దవాళ్లు వాడే పనిముట్టు కావాలి, చివరికి రోజూ వాడుకోదగ్గ వస్తువు మిగలాలి, మధ్యలో కాస్త కష్టమూ ఉండాలి.

ఈసారి ఒక్క పనే పెట్టుకోండి. పుస్తకం కుట్టడం నేర్పండి.

గ్రంథాలయంలో కాకపోతే దీన్ని ఇంకెక్కడ నేర్పుతారు? పూలూ కార్డులూ ఏ అపార్ట్‌మెంటు క్లబ్బులోనైనా చేయవచ్చు. ‘ఇది గ్రంథాలయం చేయవలసిన పనేనా’ అని పైవాళ్లు అడిగితే మీరు తడుముకోనక్కరలేదు. 1891లో ఆసఫియా గ్రంథాలయంగా మొదలైన అఫ్జల్‌గంజ్ రాష్ట్ర కేంద్ర గ్రంథాలయంలోనూ, 1901లో పుట్టిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయంలోనూ పాత పుస్తకాలు ఇవాళ మన చేతికి అందుతున్నాయంటే, ఎప్పుడో ఎవరో వాటిని కుట్టారు, ఇంకెవరో మళ్లీ అట్ట వేశారు. వీలైతే ముందుగా అడిగి పిల్లలను ఈ రెండింటిలో ఒకచోటికి తీసుకెళ్లండి. అక్కడ పుస్తకాన్ని చదవడానికి కాకుండా, దాని వెన్ను ఎలా ఉందో, కుట్టు ఎక్కడ కనబడుతోందో చూడమనండి.

మొదటి రోజు పని ఇలా ఉండాలి. నాలుగు ఏ4 కాగితాలను దొంతరగా పెట్టి సగానికి మడిస్తే ఎనిమిది ఆకులు, పదహారు పేజీలు వస్తాయి. అచ్చుపనివాళ్ల లెక్కలో ఒక ఫారం. మడత మీద చెంచా వెనుక భాగంతో గట్టిగా రుద్దించండి. పైన కాస్త మందపాటి కాగితం అట్టగా వేయండి. మడత పొడవు 21 సెంటీమీటర్లు ఉంటుంది. సరిగ్గా మధ్యలో ఒక చుక్క, పైనుంచి మూడు సెంటీమీటర్ల దగ్గర ఒకటి, కిందనుంచి మూడు సెంటీమీటర్ల దగ్గర ఒకటి పెట్టాలి. పాత వార్తాపత్రికల దొంతర మీద పుస్తకాన్ని తెరిచి, ఆ మూడు చోట్లా దబ్బనంతో గుచ్చాలి. దారం అర మీటరుకు కాస్త ఎక్కువ ఉంటే చాలు. దాన్ని కొవ్వొత్తి మీదుగా రెండుసార్లు లాగితే చిక్కుపడదు.

ఇక కుట్టు. సూదిని లోపలినుంచి మధ్య చిల్లులో పెట్టి బయటికి తీయాలి. బయటినుంచి పై చిల్లులోకి దూర్చి లోపలికి తేవాలి. లోపల మధ్య చిల్లును ముట్టకుండా దాటి, కింది చిల్లులోంచి బయటికి పోవాలి. మళ్లీ బయటినుంచి మధ్య చిల్లులోకి రావాలి. ఇప్పుడు దారం రెండు కొసలూ లోపల, మధ్య చిల్లు దగ్గరే ఉంటాయి. నిలువుగా సాగిన పొడవాటి కుట్టుకు ఒక కొస ఇటు, ఒక కొస అటు ఉండేలా చూసి, ఆ కుట్టు మీదుగా ముడి వేస్తే అయిపోయింది. మూడు చిల్లులు, ఒక ముడి, జిగురు చుక్క కూడా లేదు. నలభై నిమిషాల్లో చేతిలో ఒక నోటుపుస్తకం ఉంటుంది. మొదటిసారి దాన్ని తెరిచి మూసి మళ్లీ తెరిచే పిల్లల ముఖాలు చూడండి, మీరు అడిగిన ప్రశ్నకు జవాబు నాకన్నా వాళ్లే బాగా చెబుతారు.

ఒక తప్పు దాదాపు అందరూ చేస్తారు. కుట్టు బిగించాలని దారాన్ని తమవైపు లాగుతారు. చిల్లు దగ్గర కాగితం చిరుగుతుంది. దారాన్ని ఎప్పుడూ వెన్ను వెంబడి, మడతకు సమాంతరంగా లాగాలి. ఈ సంగతి ముందే చెప్పేయకండి. ఒకసారి చిరగనివ్వండి. మా దగ్గరికి ఒక పదో తరగతి అబ్బాయి వచ్చేవాడు. ఏది అడిగినా తల ఊపడమే తప్ప నోరు విప్పేవాడు కాదు. వరసగా మూడు పుస్తకాలు చింపాడు. మూడోది చిరిగినప్పుడు లేచి వెళ్లిపోతాడనుకున్నాను. వెళ్లలేదు. చిరిగిన చోటును వెలుతురుకు పెట్టి, చిల్లు ఏ వైపుకు సాగిందో చూశాడు. నాలుగోసారి దారాన్ని కిందికి, మడత వెంట లాగాడు. నిలిచింది. పక్కన కూర్చున్న అమ్మాయి అప్పుడే తనవైపు లాగబోతోంది. ‘అట్లా కాదు’ అని చెయ్యి అడ్డం పెట్టాడు. మూడు వారాల్లో నేను విన్న వాడి మొదటి మాట అది. ఆ తరువాత రెండేళ్లపాటు కొత్తగా వచ్చినవాళ్లకు కుట్టు నేర్పింది వాడే. నేను ముందే చెప్పి ఉంటే ఆ పని వాడి సొంతమయ్యేది కాదు.

మన నగరానికి మాత్రమే అందే ఒక సంతోషం ఇందులో ఉంది. ఇలా కుట్టిన పుస్తకానికి ముందూ వెనుకా ఉండవు, అట్ట మీద పేరు రాసేదాకా ఎటు తిప్పినా ఒకటే. ఒక శనివారం ఉర్దూ మాధ్యమంలో చదివే అమ్మాయి తన పుస్తకాన్ని కుడివైపునుంచి తెరిచి పేరు రాసుకుంది. ఎదురుగా ఉన్న అమ్మాయి తన పుస్తకం ఎడమవైపునుంచి తెరిచింది. ఇద్దరూ ఒకరి పుస్తకం ఒకరు చూసుకుని, ఒకే పుస్తకంలో రెండు చివరలనుంచీ రాయడం మొదలుపెట్టారు. ఉర్దూ, తెలుగు మధ్య పేజీలో కలిసేలా. ఇటువంటివి మనం పథకం వేస్తే జరగవు. బల్ల మీద చోటు ఉంచాలి, అంతే.

ఇప్పుడు కాగితం ఖర్చు, చదువుకునేవాళ్ల ఫిర్యాదు. ఈ రెంటికీ కలిపి ఒకే దారి ఉంది. పోటీ పరీక్షలకు చదివేవాళ్లకు అన్నిటికన్నా ఎక్కువ కావలసింది రఫ్ నోటుపుస్తకాలు. మరోవైపు జిరాక్సు దుకాణాల్లో ఒకవైపు అచ్చుపడి పాడైన కాగితాలు రోజూ పోగుపడతాయి. చిక్కడపల్లి, అశోక్‌నగర్ వీధుల్లో అయితే చెప్పనక్కరలేదు. మీ వీధిలో దుకాణదారును అడిగి ఆ కాగితాలు తెచ్చుకోండి. అచ్చుపడిన వైపు లోపలికి పోయేలా ముందు ఒక్కో కాగితాన్నీ సగానికి మడిచి, మడతలను బయటి అంచుకు పెట్టి, విడి అంచుల వైపు పక్కనుంచి కుట్టేస్తే పుస్తకమంతా తెల్లటి పేజీలే కనబడతాయి. ఇది రెండో నెల పాఠం. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పనిసరి. ఆ కట్టల్లో ఆధార్ ప్రతులు, మార్కుల జాబితాలు, బ్యాంకు పాసుపుస్తకం పేజీలు వస్తాయి. పిల్లల ముందు పెట్టేముందు మీరే ఒక్కో కాగితం చూసి, అటువంటివి తీసి చింపేయండి. దీన్ని సహాయకులకు వదలకండి.

మొదటి పాతిక పుస్తకాలు పక్క హాలులో చదువుకునేవాళ్లకు ఇవ్వండి, పిల్లల చేతుల మీదుగానే. ఫిర్యాదు చేసినవాళ్లలో ఒకరిద్దరు వచ్చి తామూ ఒకటి కుట్టుకుంటామని అడుగుతారు. ఊరికే ఊహించి చెప్పడం లేదు, మా దగ్గర జరిగింది. అయినా వాళ్ల ఫిర్యాదు న్యాయమైనదే. ఏళ్ల తరబడి ఒకే కుర్చీలో కూర్చుని చదివే మనుషులు వాళ్లు. వరండా ఉంటే బల్ల అక్కడికి మార్చండి. చిల్లులకు సుత్తీ మేకూ వాడకండి. దబ్బనం చప్పుడు చేయదు.

కొత్త కాగితమే కొనాలన్నా భారమేమీ కాదు. రీముకు 500 కాగితాలు, పుస్తకానికి నాలుగు చొప్పున 125 పుస్తకాలు. వంద మీటర్ల దారపు కండె 160 పుస్తకాల దాకా వస్తుంది. దబ్బనాలు, సూదులు, స్టీలు స్కేళ్లు ఒకసారి కొంటే ఏళ్లు ఉంటాయి. బేగంబజార్‌లో టోకున తెచ్చుకోండి. మీ సొంత డబ్బు మాత్రం పెట్టవద్దని గట్టిగా చెబుతున్నాను. గ్రంథాలయ సిబ్బంది జేబు మీద నడిచే కార్యక్రమం ఆ మనిషి బదిలీతో ఆగిపోతుంది. పిల్లలకు అది మంచిది కాదు.

జిగురు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ నేను చేసిన పొరపాటు మీరు చేయకూడదు. అట్ట వేయడానికి, చిరిగిన పేజీ అతకడానికి మైదా జిగురు కావాలి. ఒక వంతు మైదాకు ఐదు వంతుల నీళ్లు పోసి, ఉండలు లేకుండా కలిపి, సన్నని సెగ మీద కలుపుతూ ఉంటే తెల్లని పిండి కాస్తా అద్దంలా మెరిసే గంజి అవుతుంది. చల్లారాక వాడుకోవాలి. పాత బైండర్లు పురుగు పట్టకుండా అందులో మైలతుత్తం వేస్తారు. అది విషం. పిల్లలు కూర్చునే బల్ల దగ్గరికి రానివ్వవద్దు. మైలతుత్తం లేని జిగురు ఒకటి రెండు రోజులకన్నా నిలవదు కాబట్టి ఆ పూటకు సరిపడా ఇంట్లో కాచి తెచ్చుకుని, మిగిలింది తిరిగి తీసుకెళ్లాలి. ఒక శనివారం నేను మిగిలిన గిన్నెను బీరువాలో, తిరిగి వచ్చిన పుస్తకాల పక్కన మరిచాను. మరుసటి వారం తలుపు తీస్తే గిన్నె చుట్టూ బొద్దింకలు. గిన్నెతో ఆగలేదు. పక్కనున్న ఏడు పుస్తకాల వెన్నుల మీద గుడ్డను అక్కడక్కడా గీకి తినేశాయి. బొద్దింకలకూ, వెండిరంగు పురుగులకూ పిండిజిగురు అంటే ప్రాణం. పని అయ్యాక తడిగుడ్డతో బల్ల, నేల తుడిచేదాకా ఎవరూ కదలకూడదన్న నియమం ఆ రోజునుంచే పెట్టాను. పిల్లలు దాన్ని నాకన్నా పట్టుదలగా పాటించారు, ఆ ఏడు పుస్తకాలను వాళ్లు చూశారు మరి.

నోటుపుస్తకాలు చేతికి అలవాటయ్యాక అసలు పని మొదలుపెట్టండి, పాత పుస్తకాలు బాగుచేయడం. నేరుగా గ్రంథాలయం పుస్తకాల మీద నేర్పకండి. ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద అట్ట ఊడిన పుస్తకాలు చవకగా దొరుకుతాయి. పదో పన్నెండో ఏరి తెండి. చిరిగిన పేజీకి పల్చని టిష్యూ కాగితాన్ని చేత్తో చింపి, అంచు నూగుగా ఉండేలా చూసి, జిగురుతో అతికించడం నేర్పండి. కత్తిరించిన అంచు పేజీ మీద గీతలా నిలిచిపోతుంది, చింపిన అంచు కలిసిపోతుంది. సెల్లోటేపు ముట్టుకోనివ్వకండి. కొన్నేళ్లకు అది పసుపుపచ్చగా మారి, బంక కాగితంలోకి ఇంకి, ఊడదీస్తే అక్షరాలతో సహా వస్తుంది. మీ బాలల విభాగంలోనే అటువంటివి కనీసం ఒక అరదొంతర ఉంటాయి, తెచ్చి చూపించండి. చెయ్యి కుదిరాక, బాలల విభాగంలోని కథల పుస్తకాల మీద పని ఇవ్వండి. అరుదైన పుస్తకాలు మాత్రం వద్దు.

మగపిల్లల సంగతి అడిగారు. ‘కుట్టు’ అనే మాట వినగానే అది ఆడపిల్లల పని అనుకునే ఇళ్లు ఇంకా ఉన్నాయి. దాని గురించి ఉపన్యాసం ఇవ్వవద్దు. నోటీసు బోర్డు మీద ‘పుస్తకం తయారీ’ అని రాయండి. దబ్బనం, స్టీలు స్కేలు, అట్ట కోసే కత్తి ఉన్న ఫొటో పెట్టండి. కత్తి పని మాత్రం మీ కళ్ల ముందే, ఒక్కొక్కరే చేయాలి. స్కేలు నొక్కిన వేళ్లు అంచు దాటి రాకూడదు, ఒక్క కోతలో తెగాలని బలం పెట్టకుండా నాలుగైదుసార్లు తేలికగా లాగాలి. దూది, గాయానికి మందు, పట్టీ బల్ల మీదే ఉండాలి. గదిలో ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్లు ఉండాలి, తలుపు తెరిచే ఉండాలి, తల్లిదండ్రుల సంతకం ముందే తీసుకోవాలి. పిల్లల ఫొటోలు వాళ్లనూ తల్లిదండ్రులనూ అడగకుండా ఎక్కడా పెట్టవద్దు.

మీ శిబిరం విఫలం కావడానికి ఇంకో కారణం ఉంది, అది పని ఎంపికతో సంబంధం లేనిది. వారం రోజుల వరస పెట్టారు. ఒకరోజు రాని పిల్లకు మరుసటి రోజు ఏమీ అర్థం కాదు, ఇక రాదు. ఈ వయసు పిల్లల సమయం వాళ్ల చేతిలో లేదు. పదో తరగతికి అదనపు క్లాసులు, ఇంటర్‌కు ఆదివారం పరీక్షలు. కాబట్టి నెలకు రెండుసార్లు, గంటన్నర చొప్పున పెట్టండి. ఏ రోజు పని ఆ రోజుకు పూర్తి కావాలి, మూడు నెలల తరువాత వచ్చినా కొత్తగా చేరినట్టే కలిసిపోవాలి. పన్నెండుమందికి మించవద్దు. ఒకరు ఇరవై రెండుమంది చేతులు చూడలేరు. చిన్న తమ్ముళ్లు, చెల్లెళ్లు వస్తే వేరే మూల బొమ్మల పుస్తకాలు, రంగులు ఇచ్చి కూర్చోబెట్టండి. పెద్ద బల్ల దగ్గర వాళ్లకు చోటిచ్చిన రోజున పెద్దపిల్లలు మళ్లీ రారు. కానీ స్నేహితురాలిని వెంట తెచ్చుకుంటానంటే వద్దనకండి, ఈ వయసులో ఒంటరిగా కొత్తచోటికి రావడం కష్టం.

మే నెలలో మధ్యాహ్నం పెట్టకండి, పొద్దున్నే కానీ సాయంత్రం ఐదు దాటాక కానీ పెట్టండి. వానాకాలంలో జిగురు పనులు ఆరవు, అప్పుడు కుట్టు పనులే పెట్టుకోండి. సికింద్రాబాద్ బోనాల ఆదివారం పిల్లలు రారు, రావాలని ఆశించవద్దు కూడా. జనవరిలో వాళ్ల మనసు మేడల మీదే ఉంటుంది కనుక ఆ నెల పుస్తకం పక్కన పెట్టి పతంగులు చేయించండి. వెదురు పుల్లను రెండువైపులా ఒకే బరువు వచ్చేదాకా చెక్కడం పుస్తకం కుట్టడం కన్నా కష్టమైన విద్య. నైలాన్ మాంజా 2017లోనే నిషేధమైందని, అది పక్షులనూ మనుషుల గొంతులనూ కోస్తుందని అప్పుడే చెప్పండి.

బయటి కళాకారులను పిలవాలనుకుంటే చేర్యాల నకాషీ పనివారిని పిలవండి. చింతగింజల జిగురు, సుద్ద పూసి సిద్ధం చేసిన గుడ్డ మీద వరసగా కథ గీసి, ఆ చుట్టను విప్పుతూ పాడి చెప్పేవారు కాబట్టి అది కూడా ఒక పుస్తకమే అని పిల్లలకు కళ్లారా తెలుస్తుంది. వచ్చినవారికి రానూపోనూ ఖర్చులు, రోజు కూలికి తగ్గని మర్యాదైన పారితోషికం ఇవ్వలేకపోతే పిలవవద్దు. లక్కగాజులు చూపించమని కూడా పిల్లలు అడుగుతారు, 2024లో హైదరాబాద్ లక్కగాజులకు భౌగోళిక సూచిక (జీఐ) గుర్తింపు వచ్చాక మరీనూ. అది నిప్పు మీద చేసే పని, పుస్తకాల గదిలో వద్దు. లాడ్‌బజార్‌కు తీసుకెళ్లి చూపించండి.

సర్టిఫికెట్ ఇవ్వవద్దు. సర్టిఫికెట్ కోసం వచ్చేవాళ్లు అది అందాక రారు. దాని బదులు మేము ఒకటి చేసేవాళ్లం. బాగుచేసిన ప్రతి పుస్తకం చివరి అట్ట లోపల ఒక చిన్న చీటీ అతికించి, ‘బాగుచేసినవారు’ అని పిల్ల పేరులో మొదటి మాట, నెల, సంవత్సరం రాయించేవాళ్లం. మీరు నవంబరు 14 నుంచి 20 దాకా జరిగే గ్రంథాలయ వారోత్సవాలను గడువుగా పెట్టుకోండి. ఆ వారం బాగైన పుస్తకాలను బల్ల మీద పరిచి, తల్లిదండ్రులను పిలిచి, సాయంత్రానికల్లా మళ్లీ అరల్లోకి చేర్చండి. ప్రదర్శన పేరుతో వాటిని అద్దాల బీరువాలో బంధించకండి. మా దగ్గర ఒక అమ్మాయి ఇంటర్ అయ్యాక కూడా వచ్చి, తను అతికిన జానపద కథల పుస్తకం అరలో ఉందో లేదో చూసుకునేది. లేకపోతే సంతోషించేది, ఎవరో ఇంటికి తీసుకెళ్లారని.